నార్వే భాషలో వాగ్దానము, స్వేచ్ఛ

విద్యార్థులారా, ఇంగ్లీషున దేవుఁడిచ్చిన వాగ్దానమునకు ‘ప్రామిస్’ అనియు, యెఫ్తా మ్రొక్కుకొనిన మ్రొక్కుబడికి ‘వౌ’ అనియు వేర్వేఱు మాటలు గలవు. నార్వే బైబిలులో రెంటికిని ‘లొఫ్తె’ యను నొక్కటే మాట. ఎవరు ఎవరికి మాట యిచ్చిరో సందర్భమును బట్టియే గ్రహింపవలెను. ఇదియే క్రియయైనచో పైకెత్తుట యని యర్థము. తొందరపడి యనువదించువాఁడు మాటకు బదులు మూట నెత్తును!

వాగ్దానము చేయుటకు క్రియ ‘లోవె’. దాని వ్రాఁత ఇంగ్లీషు ‘లవ్’ వలెనే యుండును గాన ప్రేమ యని భ్రమపడరాదు. ‘లోవ్’ అనఁగా శాసనము, అనుమతియు నదియే. 1814 మే 17 నాఁటి వారి రాజ్యాంగమునకు ‘గ్రున్‌లోవ్’, అనఁగా మూలశాసనమని పేరు.

‘ఫ్రీడమ్’, ‘లిబర్టీ’ రెంటికిని ‘ఫ్రిహేత్’ ఒక్కటే. రెండును ఒకే వాక్యమున వచ్చినచో నొకదానిని విడుచుటకంటె వాక్యమును మార్చుటయే మేలని నా తలంపు. దేశ స్వాతంత్ర్యమునకు మాత్రము ‘సెల్‌స్తెన్దిహేత్’ గలదు. తనంతఁ దాను నిలుచుట యని దాని పదార్థము.