క్రిస్మస్ దీవి: సొంత బల్లులు, వలస పాములు

హిందూ మహాసముద్రంలో, జావాకు దక్షిణాన ఉన్న ఆస్ట్రేలియా భూభాగం క్రిస్మస్ దీవి. విస్తీర్ణం సుమారు 135 చ.కి.మీ. పోటీ పరీక్షల అభ్యర్థులు ఈ దీవి గురించి ఎర్ర పీతల వలస వరకు చదివి ఆపేస్తారు. ఇక్కడి సరీసృపాల కథ అంతకన్నా ముఖ్యం, బాధాకరం కూడా.

ప్రపంచంలో మరెక్కడా లేని సరీసృప జాతులు ఇక్కడ ఐదు ఉండేవి. వాటిలో అడవి నలికిరి అంతరించింది. చివరిది 2014లో సంరక్షణలోనే చనిపోయింది. నీలి తోక నలికిరి, లిస్టర్స్ గెకో అడవిలో కనుమరుగయ్యాయి. 2009 నుంచి కొన్నింటిని పట్టి పెంచడం వల్లే ఈ రెండు జాతులు మిగిలాయి. నీలి తోక నలికిరులను 2019లో కోకోస్ (కీలింగ్) దీవుల్లో వదిలారు.

ఈ నాశనానికి ప్రధాన అనుమానితురాలు 1980లలో దీవిలో బయటపడిన ఆసియా వుల్ఫ్ స్నేక్ అనే వలస పాము. పాములు వేటాడటం ఎరుగని బల్లులకు తప్పించుకునే అలవాటే లేదు.

మరో వలస జీవి బ్రాహ్మిణీ గుడ్డి పాము. దీన్ని మొదట వర్ణించింది మన విశాఖపట్నం నమూనా ఆధారంగానే. అన్నీ ఆడవే; మగ తోడు లేకుండానే పిల్లలు పుడతాయి (అనిషేక జననం). పూలకుండీ మట్టిలో ఒక్కటి చేరినా కొత్త దీవిలో సంతతి మొదలవుతుంది.