గాలి మోసే బరువు

ఉద్దేశం: నిత్యం వాడే వాహనానికి ఆధారమైన టైరు నిర్మాణాన్ని, దానిని అమర్చే పద్ధతిని తెలియజేయడం, మరమ్మతుకు గల హద్దును గుర్తించే వివేకాన్ని విద్యార్థులలో కలిగించడం ఈ పాఠం ఉద్దేశం.

మోటారు సైకిలుకు, నేలకు మధ్య ఉండే బంధం టైరు ఒక్కటే. ఒక్కొక్క టైరు ఒక క్షణంలో నేలను తాకే చోటు ఇంచుమించు అరచేయంత. బ్రేకు వేసినా, మలుపు తిరిగినా, వానకు తడిసిన రోడ్డుపై నిలదొక్కుకోవలసి వచ్చినా ఆ కొద్దిపాటి రబ్బరే ఆధారం. అయితే బరువులో అధిక భాగాన్ని మోసేది ఆ రబ్బరులో బంధించిన గాలి. ఆ గాలిని నిలిపి ఉంచడమే టైరు పని.

గాలి టైరు ఆలోచన పాతదే. స్కాట్లాండుకు చెందిన రాబర్ట్ విలియం థామ్సన్ 1845లోనే దానికి పేటెంటు పొందాడు. కాని అది వాడుకలోకి రాలేదు. 1887లో బెల్‌ఫాస్టు నగరంలో పశువైద్యుడైన జాన్ బాయిడ్ డన్లప్ తన కుమారుని మూడు చక్రాల సైకిలుకు గాలి టైరును తయారుచేసి, మరుసటి సంవత్సరం పేటెంటు పొందాడు. తొలినాటి టైర్లను చక్రానికి బంకతో అతికించేవారు. పంక్చరైతే వాటిని ఊడదీసి, బాగుచేసి, బంక ఆరేవరకు గంటల తరబడి వేచి ఉండవలసి వచ్చేది. ఈ ఇబ్బందిని గమనించిన ఫ్రాన్సు దేశపు మిషెలిన్ సోదరులు 1891లో సులభంగా విప్పదగిన టైరును రూపొందించారు. ఆ సంవత్సరమే పారిస్ నుండి బ్రెస్టుకు వెళ్ళి తిరిగి వచ్చే సైకిలు పందెంలో ఆ టైర్లు వాడిన షార్ల్ టెరాన్ విజయం సాధించాడు. మరమ్మతు సులువైన తరువాతనే గాలి టైరు సామాన్యునికి చేరువైంది.

టైరు పక్కగోడపై ఉండే అక్షరాలు, అంకెలు దాని జాతకం వంటివి. ఉదాహరణకు ‘100/90-17 55పి’ అని ఉంటే టైరు వెడల్పు 100 మిల్లీమీటర్లు. పక్కగోడ ఎత్తు అందులో 90 శాతం. రిమ్ము వ్యాసం 17 అంగుళాలు. ‘55’ అనే సూచిక 218 కిలోల బరువును, ‘పి’ అనే అక్షరం గంటకు 150 కిలోమీటర్ల వేగాన్ని గరిష్ఠ పరిమితులుగా తెలుపుతాయి. ‘2319’ వంటి నాలుగంకెలు 2019లోని 23వ వారంలో అది తయారైనదని చెబుతాయి. బాణం గుర్తు ఉంటే చక్రం తిరగవలసిన దిశ అదే.

టైరు అమర్చడంలో బలం కన్నా ఉపాయం ముఖ్యం. టైరు అంచులో సాగని ఉక్కు తీగ ఉంటుంది. అందువలన ఎంత గట్టిగా లాగినా అది రిమ్ము మీదుగా దాటదు. రిమ్ము మధ్యలో ఒక పల్లం ఉంటుంది. ఒకవైపు అంచును ఆ పల్లంలోకి నొక్కితే ఎదుటి వైపు కొంత వదులు దొరుకుతుంది. అప్పుడు ఆ అంచు తేలికగా లోపలికి జారుతుంది. అంచుకు సబ్బు నీరు రాస్తే పని మరింత సులువవుతుంది. ట్యూబులో కొద్దిగా గాలి నింపి మడతలు లేకుండా అమర్చాలి. వాల్వుకు ఎదురుగా మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించాలి. వాల్వు దగ్గర ట్యూబు అడ్డుపడి అంచు పల్లంలోకి దిగదు కాబట్టి ఈ క్రమం అవసరం. ఇనుప లివరు ట్యూబును నొక్కితే కొత్త ట్యూబు సైతం వెంటనే చిల్లిపడుతుంది. చివరగా గాలి నింపి, టైరు అంచు వెంబడి ఉండే గీత రిమ్ముకు చుట్టూ సమాన దూరంలో ఉన్నదో లేదో చూడాలి.

ట్యూబు టైరులో మేకు దిగితే వాల్వు రంధ్రం గుండా, ఆకుల రంధ్రాల గుండా గాలి త్వరగా పోతుంది. ట్యూబులెస్ టైరులో లోపలి రబ్బరు పొర మేకును పట్టి ఉంచడం వలన సాధారణంగా గాలి నెమ్మదిగా తగ్గుతుంది. నడుస్తుండగా గాలి పోతే ఆ చక్రానికి గట్టిగా బ్రేకు వేయరాదు. హ్యాండిలును నిటారుగా పట్టి వేగాన్ని క్రమంగా తగ్గించాలి.

రోడ్డు పక్కన పాత టైరును గుర్తుగా వేలాడదీసిన పంక్చరు షాపులు ప్రతి ఊరిలోను కనిపిస్తాయి. పనివాడు ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగలు వచ్చే చోటును గుర్తించి, తుడిచి, గీకి, సొల్యూషను రాసి, అది కొంత ఆరిన తరువాత ప్యాచీ అతికిస్తాడు. అనుభవజ్ఞుడు అంతటితో ఆగక టైరు లోపలి భాగాన్ని జాగ్రత్తగా తడిమి చూస్తాడు. అక్కడ మిగిలిన చిన్న ముల్లు కొత్త ప్యాచీని నిరుపయోగం చేస్తుంది.

నేలను తాకే భాగంలోని చిన్న చిల్లిని బాగుచేయవచ్చు. పక్కగోడ తెగితే మాత్రం మరమ్మతు తగదు. చక్రం తిరిగిన ప్రతిసారీ పక్కగోడ వంగి లేస్తుంది. లోపలి దారాలు తెగిన చోట ఏ అతుకూ నిలవదు. ఉబ్బు కనిపించినా, పగుళ్ళు లోతుగా ఉన్నా, అరుగుదల గుర్తుల వరకు గాళ్ళు అరిగినా ఆ టైరును మార్చవలసినదే. గాలి తక్కువగా ఉంచి నడిపితే పక్కగోడ అధికంగా వంగి వేడెక్కుతుంది. ఆ నష్టం పైకి కనిపించదు. కావున బండి చల్లగా ఉన్నప్పుడే గాలి పీడనాన్ని చూసుకోవాలి.

“ఇంకొన్నాళ్ళు నడుస్తుందిలే” అనే పొదుపు ఒక్కొక్కప్పుడు ఒక కుటుంబానికి తీరని లోటు మిగులుస్తుంది. తెగిన పక్కగోడను చూసి “దీనిని అతికించను బాబూ, మార్చుకో” అని చెప్పే పనివాడు ఆ పూట కూలి కోల్పోవచ్చు; కాని ఒక ప్రాణాన్ని కాపాడినవాడవుతాడు. అతికించే నేర్పుతో పాటు అతికించరాని దానిని గుర్తించే వివేకం కూడా ఉన్నవాడే నిజమైన పనివాడు.

అర్థాలు
గాళ్ళు = టైరు పైభాగంలోని గాడులు
ఆకులు = చక్రపు కమ్మీలు
నిరుపయోగం = పనికిరానిది

ప్రశ్నలు
1. టైరు అమర్చేటప్పుడు రిమ్ము మధ్యనున్న పల్లం ఎట్లా ఉపకరిస్తుంది?
2. పక్కగోడ తెగిన టైరును ఎందుకు అతికించరాదు?
3. ‘అతికించరాని దానిని గుర్తించడమూ నేర్పే’ — వివరించండి.