బిడ్డను మోసే తల్లి, చదవాల్సిన కాగితం

పంజాగుట్ట నుంచి బంజారా హిల్స్ వైపు వెళ్తే దారిలో పెద్ద పెద్ద బోర్డులు కనిపిస్తాయి. కొన్నింటి మీద "సంతాన సాఫల్య కేంద్రం" అని ఉంటుంది. కూడబలుక్కుని చదవండి. పిల్లలు కలగనివారు వైద్యం కోసం వెళ్లే చోటు అది.

పెళ్లయి ఏళ్లు గడిచినా కడుపు పండకపోతే అందరూ ఆడదాన్నే అంటారు. గొడ్రాలు అని పేరు పెడతారు. ఇది అన్యాయం. లోపం భర్తలోనూ ఉండవచ్చు. ఇద్దరిలోనూ ఉండవచ్చు. భర్తకు చేసే వీర్య పరీక్ష చాలా తేలిక. కోత లేదు, సూది లేదు. అయినా చాలామంది మగవాళ్లు పరీక్షకు రారు! ఆసుపత్రికి ఇద్దరూ కలిసి వెళ్లాలి. కొందరికి మందులతోనే పిల్లలు పుడతారు.

కొందరికి పుట్టుకతోనే గర్భసంచి ఉండదు. కొందరికి జబ్బు చేసి తీసేసి ఉంటారు. కొందరు గర్భం మోస్తే ప్రాణానికే ముప్పు. అలాంటివారికి ఇంకో దారి ఉంది. దాని పేరు సరొగసీ. భార్య అండాన్నీ, భర్త వీర్యకణాన్నీ ల్యాబులో కలుపుతారు. పిండం తయారవుతుంది. దాన్ని ఇంకో స్త్రీ గర్భసంచిలో పెడతారు. ఆమె తొమ్మిది నెలలు మోసి కంటుంది. బిడ్డ ఆ దంపతులకు చెందుతుంది.

జనం దీన్ని "అద్దె గర్భం" అంటారు. కడుపేమైనా ఇల్లా, అద్దెకు ఇవ్వడానికి? కానీ ఒకప్పుడు జరిగింది అదే. 2017 జూన్‌లో బంజారా హిల్స్‌లోని ఒక కేంద్రంలో పోలీసులు, అధికారులు తనిఖీ చేశారు. అక్కడ నలభై మందికి పైగా స్త్రీలు ఉన్నారు. అందరూ ఇతరుల బిడ్డలను మోస్తున్నవారే. కాన్పు దాకా వాళ్లను అక్కడే ఉంచారు. డబ్బు కోసం వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన పేదవాళ్లు చాలామంది.

తరువాత చట్టం వచ్చింది. దాని పేరు సరొగసీ నియంత్రణ చట్టం, 2021. అది 2022 జనవరి 25 నుంచి అమలులో ఉంది. ఇప్పుడు డబ్బుకు బిడ్డను మోయడం, మోయించడం నేరం. ఆసుపత్రి ఖర్చు, బీమా మాత్రం దంపతులు పెట్టుకోవాలి. డబ్బు బేరం నడిపే ఆసుపత్రికీ, దళారికీ పదేళ్ల దాకా జైలు పడవచ్చు. డబ్బిచ్చి మోయించుకున్న దంపతులకూ శిక్ష ఉంది.

అయినా మోసం ఆగలేదు. 2025 జులైలో సికింద్రాబాదులో ఒక కేసు బయటపడింది. ఒక జంట సరొగసీ కోసం 30 లక్షలకు పైగా కట్టారు. బిడ్డను చేతిలో పెట్టారు. అనుమానం వచ్చి డీఎన్‌ఏ పరీక్ష చేయించారు. బిడ్డ ఎవరిదో చెప్పే పరీక్ష అది. బిడ్డ వాళ్లది కాదని తేలింది. బీదవాళ్ల దగ్గర 90 వేలకు కొన్న బిడ్డ అని పోలీసులు చెప్పారు. డాక్టరును అరెస్టు చేశారు.

మరి అసలు పద్ధతి ఏమిటి? ముందు జిల్లా మెడికల్ బోర్డు కాగితం ఇవ్వాలి. ఈ జంటకు సరొగసీ అవసరమే అని అందులో ఉంటుంది. పుట్టే బిడ్డ ఈ దంపతులదే అని మేజిస్ట్రేటు కోర్టు ఉత్తర్వు ఇవ్వాలి. మోసే స్త్రీకి 36 నెలల బీమా చేయించాలి. "కాగితాలన్నీ మేమే చూసుకుంటాం" అనే చోట ఆ కాగితాలను అడిగి చూడండి. ఇదంతా వద్దనుకుంటే దత్తత ఉంది. దానికి కలెక్టరు ఉత్తర్వు కావాలి. ఆసుపత్రిలో డబ్బిచ్చి బిడ్డను తెచ్చుకోవడం దత్తత కాదు.

ఇక మోసే స్త్రీ సంగతి. ఆమె వయసు 25 నుంచి 35 లోపు ఉండాలి. పెళ్లయి, సొంత బిడ్డ ఉండాలి. జీవితంలో ఒక్కసారే ఇలా మోయాలి. తన అండం ఇవ్వకూడదు. "ఫలానా ఊరు రా, లక్షలు ఇస్తాం" అని ఎవరైనా పిలిస్తే అది చట్టం ఒప్పుకోని పని. అక్కడ ఆమె ప్రాణానికి పూచీ ఉండదు.

ఆమె ఒప్పుకున్నట్టు సంతకం చేయాలి. దానికి ముందు వచ్చే కష్టనష్టాలు డాక్టరు విడమరచి చెప్పాలి. ఆ ఒప్పంద కాగితం ఆమెకు అర్థమయ్యే భాషలోనే ఉండాలి. ఇది చట్టంలో రాసిన మాట. తెలుగు ఆమెకు తెలుగులో ఇవ్వాలి. ఇంగ్లీషు కాగితం ఇచ్చి వేలిముద్ర వేయమంటే వేయనక్కర లేదు. సంతకం చేశాక మనసు మారితే? పిండాన్ని గర్భసంచిలో పెట్టేదాకా ఆమె "నాకు వద్దు" అనవచ్చు. ఆ తరువాత కూడా గర్భం తీయించుకోమని ఆమెను ఎవరూ బలవంతం చేయకూడదు. భర్త అయినా, అత్త అయినా, డాక్టరు అయినా సరే.