విమానం ఎక్కబోవు వేళ అల్పాహారం

నరసరావుపేట నుండి గన్నవరం విమానాశ్రయానికి రమారమి 100 కిలోమీటర్లు. మాచర్ల, గురజాల వారికి ఇంకను దూరం. ఉదయపు విమానం అందుకొనవలెనన్న అర్ధరాత్రి దాటగానే బయలుదేరక తప్పదు. నిద్ర చాలదు, కాలకృత్యాల వేళ తప్పును, కడుపు ఖాళీ. ఆ స్థితిలో మనిషి అంగడి ముందు నిలిచి సమోసా, చిప్స్ పొట్లం, శీతలపానీయం కొనుక్కొనును.

జాగరణం, ప్రయాణం, ఉపవాసం మూడును వాతాన్ని పెంచునవే. రూక్షత, లఘుత్వం, శీతలత్వం, చలనం వాతగుణములు. విమానంలోని గాలి మిక్కిలి పొడిగా ఉండును. లోపలి వాయుపీడనం 6,000 నుండి 8,000 అడుగుల కొండపై ఉన్నంతే కనుక కడుపులోని వాయువు పావువంతుకు పైగా వ్యాకోచించును. అట్టివేళ గ్యాసు నింపిన పానీయం త్రాగినచో ఉబ్బరం గాక మరేమగును?

ఇటీవల మాచర్ల ప్రాంతపు గృహిణి ఒకరు నా వద్దకు వచ్చినారు. అరవై దాటిన వయస్సు, చాలాకాలంగా మధుమేహం. బెంగుళూరులోని కుమారుని చూడ బయలుదేరి, అలవాటు చొప్పున తెల్లవారుజామున మాత్ర వేసికొన్నారట. విమానాశ్రయంలో ఇడ్లీల వెల విని, "ఈ డబ్బుతో ఇంట్లో వారానికి సరిపడా పిండి రుబ్బుకోవచ్చు" అనుకొని వెనుదిరిగి కూర్చున్నారు. విమానం ఎక్కువేళకు చెమటలు, వణకు, కళ్లు తిరుగుట. ప్రక్కనున్న ప్రయాణికురాలు తీపి పండ్లరసం త్రాగించగా తేరుకొన్నారు. ఇది వాతమేమోనని శొంఠి కషాయం అడుగ వచ్చినారు. అది వాతం కాదు, రక్తంలో చక్కెర పడిపోవుట. కషాయం ఇవ్వక, మాత్ర వ్రాసిన వైద్యుని వద్దకే పంపితిని.

మధుమేహులు ప్రయాణదినాన మాత్ర ఎప్పుడు వేసికొనవలెనో ముందే తమ వైద్యుని అడుగవలెను. గ్లూకోజు పొడిగాని, పంచదారగాని మూడు చెంచాలు చేతిసంచిలో ఉండవలెను. వెల చూచి పస్తుండుట పొదుపు కాదు. 2024 డిసెంబరులో కలకత్తా విమానాశ్రయంలో ఉడాన్ యాత్రీ కేఫ్ ప్రారంభించి టీ, మంచినీరు పదేసి రూపాయలకు, సమోసా 20 రూపాయలకు ఇచ్చినారు. మంచి పనియే. అయినను చౌక అయినంత మాత్రాన సమోసా పథ్యం కాజాలదు.

అన్నిటికన్న ఇంటి ఇడ్లీ మేలు. నెయ్యి రాసి, వాము శొంఠి కలిపిన పొడి కొంచెం అద్దుకొనవలెను. పల్నాటి మిరపకారం మాత్రం ఆనాటికి ఇంటనే ఉండనిండు! కొనవలసివచ్చినచో వేడి ఇడ్లీగాని, ఉప్మాగాని కొనుడు. మధుమేహం లేనివారు అరటిపండు తినవచ్చును. పాలతో కలిపిన అరటిపండు పానీయం విరుద్ధాహారం, దానిని విడువవలెను. పరగడుపున కాఫీ వద్దు. విదేశయానంలో 100 మిల్లీలీటర్లకు మించిన ద్రవపాత్రను చేతిసంచిలో రానీయరు. ఖాళీ సీసా తీసికొని, తనిఖీ దాటిన పిమ్మట నీరు నింపుకొనవచ్చును.

మరుగుదొడ్డికి లేవవలసివచ్చునని స్త్రీలు నీరే మానుదురు. చరకుడు ఆపరాదన్న పదమూడు వేగములలో మూత్రవేగం ఒకటి. కిటికీ ప్రక్క గాక, నడవ ప్రక్క సీటు అడిగి తీసికొనుడు. గోరువెచ్చని నీరు గుక్కగుక్కగా త్రాగుచుండుడు.