దొంగా? దొంగట!

మొన్న ఓ కుర్రాడు తండ్రిని వెంటబెట్టుకుని మా ఆఫీసుకొచ్చాడు. పెద్దాయన జేబులోంచి పేపరు కటింగు తీసి బల్ల మీద పరిచాడు. హెడ్డింగులో ‘బైకుల దొంగ అరెస్ట్’ అని లావుపాటి అక్షరాలు. కింద నాలుగో లైన్లో ‘నిందితుడు’. “వీటిలో మావాడు ఏది సార్?” అని అడిగాడు.

నిజానికి ఈ తేడా చెప్పడానికి తెలుగులో ఒక్క అక్షరం చాలు. ‘బైకు తీశాడు’ అంటే చెప్పేవాడు ఆ మాటకు పూచీ పడుతున్నాడు. ‘తీశాడట’ అంటే విన్నది చేరవేస్తున్నాడు. కోర్టు వ్యవహారంలో ఈ ‘ట’ చేసే పని ‘ఆరోపణ’ అనే మాట చేస్తుంది: ఒకరి మీద మోపినది, ఇంకా తేలనిది. అబద్ధమని మాత్రం కాదు. అబద్ధమని తేలాక వాడడానికి అభాండం, నీలాపనింద అనే మాటలున్నాయి. శమంతకమణి విషయంలో కృష్ణుడి మీద వచ్చిందీ మొదట ఆరోపణే. మణి దొరికాకే అది నీలాపనింద అయింది.

ఫిర్యాదు ఆరోపణ. ఎఫ్‌ఐఆర్ దాన్ని స్టేషన్లో రాసుకున్న కాగితం. కాగ్నిజబుల్ నేరం జరిగినట్టు సమాచారం వస్తే ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందేనని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే నిజమో కాదో తేల్చుకున్నాక కట్టేది కాదది. జనం ఎక్కువగా పొరబడేది ఛార్జిషీటు దగ్గర. ‘ఛార్జిషీటు కూడా వేశారు, ఇంకేముంది’ అంటారు. అది దర్యాప్తు చేసిన పోలీసుల అభిప్రాయం, అంతే. కోర్టు దాన్ని చూసి, విచారించదగ్గ ఆధారం ఉందనుకుంటే అభియోగాలు నమోదు చేస్తుంది, లేదనుకుంటే డిశ్చార్జి చేస్తుంది. అభియోగం నమోదైనా మనిషి నిందితుడే. సాక్షులు, క్రాసు, వాదనలు అన్నీ అయి, తీర్పులో నేరం రుజువైందంటేనే దోషి.

మరి ‘పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నాడు’ అని రాశారు కదా అంటారా? భారతీయ సాక్ష్య అధినియం 23వ సెక్షన్ ప్రకారం ఆ ఒప్పుకోలు అతని మీద రుజువుగా చెల్లదు. కస్టడీలో అతను చెప్పినదాన్నిబట్టి బైకు దొరికిందనుకోండి, ఆ దొరకడానికి సంబంధించిన మాట మేరకే మినహాయింపు.

అన్నట్టు, మనం నిందితుణ్ణి ‘ముద్దాయి’ అంటాం. ఉర్దూలో ముద్దయీ అంటే ఫిర్యాదు చేసినవాడు! తెలుగులోకి వచ్చేసరికి పాపం బోను మారింది.

‘ట’ తగిలిస్తే ఏదైనా అనేయొచ్చు అనుకోకండి. ‘ఫలానావాడు దొంగట’ అని వాట్సాప్ గ్రూపులో ఫార్వర్డ్ చేసి, ‘నేనన్నది కాదుగా’ అంటే అంతటితో తప్పించుకోలేరు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ పరువునష్టం కలిగించే మాటను పుట్టించినవాణ్ణే కాదు, ప్రచురించినవాణ్ణీ పట్టుకుంటుంది. రెండేళ్ల దాకా సాధారణ జైలు, జరిమానా, లేదా రెండూ, లేదంటే సమాజ సేవ. కోర్టులో జరిగినదాన్ని ఉన్నదున్నట్టు చెబితే మాత్రం ఆ సెక్షన్లోనే మినహాయింపు ఉంది.

కుర్రాడి అసలు బెంగ ఇదేమీ కాదు, ఉద్యోగం. చేతిలో వెరిఫికేషన్ ఫారం. ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా? కేసు ఉందా? శిక్ష పడిందా?’ అని మూడు గడులు. మూడింట్లోనూ ‘లేదు’ అని రాసేద్దామా అన్నాడు. మూడూ వేరువేరు ప్రశ్నలు నాయనా, మొదటి రెంటికి అవును, మూడోదానికి లేదు అని చెప్పాను. 2016 నాటి అవతార్ సింగ్ తీర్పు చూస్తే, కేసుకన్నా దాన్ని దాచడమే ఉద్యోగానికి ఎసరు పెట్టొచ్చు. నిజం రాసినా పరిశీలించి నిర్ణయించే హక్కు ఉద్యోగమిచ్చేవాళ్లకు ఉంటుంది, అదీ దాచలేదు.

ముందు ఎఫ్‌ఐఆర్ కాపీ తెచ్చుకోమన్నాను. నిందితుడికి ఆ హక్కుందని అదే ఏడాది యూత్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. లైంగిక నేరాల వంటి సున్నితమైనవి మినహా ఎఫ్‌ఐఆర్‌లను మామూలుగా 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలనీ ఆదేశించింది. ఆ కాపీలో ఏ సెక్షన్లున్నాయో, పేరు ఎలా ఎక్కిందో చూసుకున్నాకే ఫారం నింపమని చెప్పి పంపాను.