బోరు జనరేటర్లలో కార్బన్ బ్రష్‌ల సంరక్షణ, మార్పిడి : పశ్చిమ ప్రకాశం పరిస్థితులు

మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలలో సాగు చాలా వరకు బోరుబావులపై ఆధారపడి ఉంది. వేసవిలో తడులు తప్పి బత్తాయి తోట ఎండితే రైతుకు పోయేది ఒక్క పంట కాదు, కొన్నేళ్ల పెట్టుబడి. విద్యుత్ సరఫరా లేని వేళ జనరేటరుతో మోటారు నడిపే రైతుకు అరిగిన రెండు చిన్న కార్బన్ ముక్కలు ఇంతటి నష్టం తేగలవు. విస్తరణ శిక్షణలలో ఈ విషయానికి తగినంత చోటు దక్కడం లేదని నా అభిప్రాయం.

బ్రష్‌లున్న ఆల్టర్నేటరులో తిరిగే రోటారుకు ఏకముఖ విద్యుత్తు స్లిప్ రింగుల ద్వారా అందుతుంది. రింగులపై ఒరుసుకొంటూ ఆ విద్యుత్తును చేరవేసేవే బ్రష్‌లు. స్పర్శ తగ్గితే అయస్కాంత క్షేత్రం బలహీనపడి వోల్టేజి పడిపోతుంది. ఇంజను వేగం మాత్రం మారదు. కనుక లోపాన్ని గుర్తించడం సులభం: పౌనఃపున్యం 50 హెర్ట్జ్ వద్ద నిలిచి వోల్టేజి మాత్రమే తగ్గితే బ్రష్‌లను, ఉత్తేజక వలయాన్ని పరీక్షించాలి, రెండూ తగ్గితే ఇంజనును, ఇంధనాన్ని చూడాలి. మోటారు భ్రామకం వోల్టేజి వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వోల్టేజి 80 శాతానికి పడితే భ్రామకం 64 శాతమే మిగులుతుంది. లోతైన బోరులోని మోటారు ఆ స్థితిలో అధిక విద్యుత్తు లాగి కాలిపోయే ప్రమాదం ఉంది.

ఈ ప్రాంతానికి రెండు ప్రత్యేక ఇబ్బందులున్నాయి. పలకల గనుల పరిసరాలలో లేచే రాతిధూళి బ్రష్‌ను, రింగును ఆకురాయిలా అరగదీస్తుంది. ఇక రింగుపై ఏర్పడే పలుచని గోధుమరంగు పొరకు గాలిలో కొంత తేమ అవసరం. పొడి వేసవిలో ఆ పొర సరిగా నిలవక అరుగుదల పెరుగుతుంది. ఆ పొరను మురికిగా భావించి తళతళలాడేలా రుద్దడం పొరపాటు. మెరుపు కనిపిస్తేనే పని జరిగినట్లు తోచడం మన మెకానిక్కుల అలవాటు!

మార్పిడికి ముందు ఇంజను ఆపి, బ్యాటరీ తీగ విప్పి, మార్పిడి స్విచ్చిని తటస్థ స్థానంలో ఉంచాలి. తయారీదారు గుర్తు లేనప్పుడు బ్రష్ కొత్త పొడవులో సగానికి తగ్గగానే మార్చడం క్షేమకరం. ఇంకా అరగనిస్తే లోపలి రాగితీగ రింగును గీరుతుంది. కొత్త బ్రష్ హోల్డరులో స్వేచ్ఛగా జారాలి. బిగుసుకొంటే స్ప్రింగు ఎంత మంచిదైనా ప్రయోజనం ఉండదు. వదులైన స్ప్రింగును సాగదీసి వాడక, కొత్తది వేయాలి. వేర్వేరు రకాల బ్రష్‌లను ఒకే రింగుపై కలపరాదు.

బ్రష్ ముఖం రింగు వంపుకు సరిపోవడానికి సన్నని గాజు కాగితాన్ని గరుకు వైపు బ్రష్‌కు ఆనేలా రింగుపై చుట్టి, తిరిగే దిశలో కదపాలి. ఎమెరీ కాగితం వాడరాదు. దాని రేణువులు బ్రష్‌లో దిగబడి రింగును గాడులు తీస్తాయి. పని ముగిశాక కార్బన్ పొడిని పొడిగుడ్డతోను, పీల్చే యంత్రంతోను తీసివేయాలి. గాలి ఊదితే విద్యుద్వాహకమైన ఆ పొడి చుట్టల్లోకి చేరి బంధకాన్ని దెబ్బతీస్తుంది. మొదట కొద్దిసేపు తక్కువ భారంతో నడిపి, నిప్పురవ్వలు లేవని చూసిన తరువాతనే బోరు మోటారును కలపాలి.

పాత బ్రష్ కొలతలను, దానిపై ముద్రించిన రకపు సంకేతాన్ని జనరేటరు మూతపై రాసి ఉంచి, ఒక జత మార్చి నెలకు ముందే కొని పెట్టుకోమని రైతులకు సూచించాలి.