చెవికి తగిన యంత్రము
తక్కువ వెల ఇయర్‌ఫోన్ల నాదము, అమరిక – ఒక తులనాత్మక పరిశీలన

భాషను మొదట నేర్చునది చెవి. నాలుక, చేయి ఆ తరువాతివి. తల్లి పలుకు విని బిడ్డ పలుకును, గురువు పాఠము విని శిష్యుడు వల్లించును. పెక్కు విషయములు తెలిసిన పండితుని మనవారు 'బహుశ్రుతుడు' అన్నారు. ఎక్కువగా విన్నవాడని ఆ మాటకు అర్థము. నేటి విద్యార్థి వినునది చాలవరకు సెల్‌ఫోనునకు తగిలించిన ఇయర్‌ఫోను ద్వారానే. పాఠమైనను, పాటయైనను, పోటీ పరీక్షల బోధనయైనను ఆ చిన్న పరికరమును దాటియే చెవిని చేరుచున్నది. కావున దానిని గురించి ఒక తెలుగు అధ్యాపకుడు నాలుగు మాటలు వ్రాయుట హద్దు మీరుట కాదని నా మనవి.

ఈ పరిశీలనకు కారణము

గత సంవత్సరము ఒక తరగతికి కొన్ని జంట పదములను నా కంఠముతో రికార్డు చేసి పంపి, విని వ్రాసి తెమ్మన్నాను. శకలము – సకలము, శరము – సరము, కల – కళ, వేల – వేళ వంటివి అందున్నవి. శకలమనగా ముక్క, సకలమనగా సర్వము. ఒక్క అక్షరము మారినచో అర్థము తలక్రిందులగును. ఒక విద్యార్థి కాగితములో ఈ జంటలు దాదాపు అన్నియు తారుమారైనవి. ఉర్దూ మాతృభాషగా గల బాలుడు. శ్రద్ధ చాలదని తలచి అందరి యెదుట మందలించి, మార్కులు తగ్గించినాను.

తరగతి ముగిసిన పిమ్మట అతడు దగ్గరకు వచ్చి, "మీరు క్లాసులో చెప్పేటప్పుడు తేడా తెలుస్తుంది సార్. దీంట్లో వింటే తెలియడంలేదు" అని తన ఇయర్‌ఫోను నా చేతిలో పెట్టినాడు. సెలవునకు చిత్తూరు వెళ్ళి, తిరుపతికి మరలి వచ్చునప్పుడు బస్సులో, ఆ 70 కిలోమీటర్ల దారిలో పాఠము విన్నాడట. నేను దానిని చెవిలో పెట్టుకొని చూడగా నా గొంతు నాకే గుర్తు చిక్కలేదు. డప్పు మ్రోతవలె క్రింది ధ్వని ఉబ్బి హల్లులన్నియు అందులో మునిగిపోయినవి.

పోల్చి చూచుటకు నా ఇయర్‌ఫోనును తీసి పెట్టుకొంటిని. అది పీలగా, డొల్లగా పలుకును. ఆ లోపము దానిదేయని ఏడాదిగా నిందించుచుంటిని. ఆ బాలుడు నా చెవి వంక చూచి, "మీకు రబ్బరు చిన్నదైంది సార్, వదులుగా ఉంది" అన్నాడు. డబ్బాలో పడియున్న పెద్ద రబ్బరు తొడుగులను తొడిగి వినగా అదే యంత్రము వేరు యంత్రమైనది. ఒకనికి యంత్రము చెడ్డది, మరియొకనికి అమరిక చెడ్డది. ఈ రెండింటిని వేరుచేసి తెలిసికొనవలెనను తలంపుతో తోటి అధ్యాపకుల వద్ద, విద్యార్థుల వద్ద గల పరికరములను అడిగి తెచ్చి వరుసగా విని చూచినాను.

'మానిటర్' అను పేరు

కచేరీ వేదికపై వాద్యముల హోరులో గాయకునికి తన గొంతు తనకే వినబడకపోవుట కద్దు. అందుకై అతని వైపు త్రిప్పి యుంచు స్పీకరును మానిటర్ అందురు. దానినే చెవిలో ఇమిడ్చినచో 'ఇన్-ఇయర్ మానిటర్', పొట్టిగా ఐ.ఇ.ఎం. అమెరికాలో మీడ్ కిలియన్ 1983లో స్థాపించిన ఎటిమోటిక్ రిసెర్చ్ సంస్థ 1991లో ఇ.ఆర్-4 అను పరికరమును వెలువరించి, చెవిలోపల ఇమిడియు శుద్ధమైన నాదము నీయవచ్చునని చూపినది. 1995లో జెర్రీ హార్వీ అల్టిమేట్ ఇయర్స్ సంస్థను నెలకొల్పి వేదిక కళాకారులకు వారి వారి చెవుల అచ్చు తీసి వీనిని తయారు చేయించినాడు. ఆనాడు ఇవి సామాన్యునికి అందని వస్తువులు. ఇటీవల చైనా కర్మాగారముల పోటీ వలన 20 డాలర్లకు అటునిటుగా మంచి పరికరములు లభించుచున్నవి.

చెవి నిర్మాణము

చెవి రంధ్రము నుండి కర్ణభేరి వరకు గల నాళము సుమారు 2.5 సెంటీమీటర్ల పొడవు, 7 మిల్లీమీటర్ల వెడల్పు గలది. అది తిన్నగా ఉండదు, కొంచెము వంపు తిరిగియుండును. ఒక కొస మూసిన వేణువువలె ఈ నాళము తనకు తగిన స్వరమును తానే పెంచును. ఆ స్వరము సెకనుకు సుమారు 3000 కంపనముల, అనగా 3000 హెర్ట్‌జుల ప్రాంతమున ఉండును. మానవ భాషలోని హల్లుల స్పష్టత చాలవరకు ఆ పరిసరములందే ఉండుట గమనింపదగినది.

ఇయర్‌ఫోనుతో రంధ్రమును మూసివేయగానే ప్రకృతి ఇచ్చిన ఆ పెంపు చెదరిపోవును. కావున మంచి పరికరమును నిర్మించువారు 3000 హెర్ట్‌జుల వద్ద ధ్వనిని తామే కొంత ఎత్తి ఆ లోటును పూరింతురు. ఆ పని చేయక క్రింది ధ్వనిని మాత్రమే పెంచినచో అంగడిలో అర నిమిషము వినువానికి గంభీరముగా తోచును గాని, పాఠము వినువానికి అక్షరములు తెలియవు. బిగ్గరగా నున్న క్రింది ధ్వని తనకంటె పైనున్న సన్నని ధ్వనులను కప్పివేయుట శ్రవణేంద్రియ ధర్మము.

ముందు అమరిక

రబ్బరు తొడుగు చెవి గోడకు సందు లేక ఆనుకొనవలెను. సందున్నచో రెండు నష్టములు కలుగును. మొదటిది, క్రింది ధ్వనులు బయటకు జారిపోయి గొంతు పీలగా వినబడును. రెండవది, బస్సు ఇంజను హోరు, పంకా చప్పుడు లోపలికి వచ్చును. వానిని అణచుటకు విద్యార్థి ధ్వనిని పెంచుచు పోవును. ఎంత వెల పెట్టి కొన్నను ఈ సందు పూడనిదే ప్రయోజనము లేదు.

పరీక్షించు విధానమిది. ఒక చేతితో చెవిడొప్పను పైకిని వెనుకకును మెల్లగా లాగినచో నాళము వంపు సరియగును. అప్పుడు రెండవ చేతితో పరికరమును చొప్పించి చెవిని విడువవలెను. తరువాత మృదంగము గల కీర్తనను పెట్టి వినవలెను. ఎడమవైపు తొప్పి నాదము నిండుగా వినబడిన అమరిక కుదిరినట్లు. పరికరమును వ్రేలితో మెల్లగా అదిమినప్పుడు మాత్రమే ఆ నాదము వచ్చుచున్నచో తొడుగు చిన్నదని అర్థము. చెవి నొప్పి పుట్టినచో అది పెద్దది. ఒకే మనిషికి కుడి ఎడమ చెవులు ఒక కొలతలో ఉండవలెనను నియమము లేదు. రెండింటికి వేరువేరు తొడుగులు వేసికొనుటలో తప్పు లేదు. రబ్బరు నిలువని చెవికి నొక్కి దూర్చిన పిదప ఉబ్బెడి స్పంజి తొడుగు నిలుచును, గాని అది త్వరగా అరుగును.

చొప్పించు లోతు కూడ ముఖ్యమే. తొడుగుకు, కర్ణభేరికి నడుమ మిగిలిన గాలి 7000, 8000 హెర్ట్‌జుల ప్రాంతమున మరియొక స్వరమును పెంచును. పైపైన పెట్టినచో అది క్రిందికి దిగి సకారము చెవిని గీరినట్లుండును. కొంచెము లోతుగా కుదిరినచో పైకి జరిగి నెమ్మదించును.

తరువాత నాదము

నాదమును పరీక్షించుటకు మూడు రికార్డులను ఎంచుకొన్నాను. మొదటిది, తిరుమల తిరుపతి దేవస్థానము వారికై ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు పాడిన 'బాలాజీ పంచరత్నమాల'. దానిలో మృదంగమునకు, గాత్రమునకు గల నిష్పత్తిని చూచినాను. రెండవది బేగం అఖ్తర్ (1914–1974) గారి గజళ్ళు. ఉర్దూలో 'రాజ్' అనునది పలుకుబడిని బట్టి ఒకచోట రాజ్యము, మరియొకచోట రహస్యము. మన లిపిలో రెండును ఒకే విధముగా వ్రాయబడును. రాజ్యమునకును రహస్యమునకును గల భేదమును తెలుపునది చెవి ఒక్కటే. మూడవది ప్రకాశం జిల్లా కరవదిలో జన్మించిన షేక్ చినమౌలానా (1924–1999) గారి నాదస్వరము. ఆలయ వీథిలో దూరమునకు వినబడుటకు పుట్టిన ఆ వాద్యమును చెవిలో పెట్టి వినునప్పుడు పై స్వరముల లోపములు దాగవు.

వీనికి తోడు నా పాత జంట పదములే నాలుగవ పరీక్ష. సకారపు గాలి 4000, 5000 హెర్ట్‌జులకు పైన బలముగా ఉండును. శకారము అంతకు దిగువ నుండియే మొదలగును. ల, ళ ల భేదము 2000, 3000 హెర్ట్‌జుల నడుమ ముఖ్యముగా తెలియును. మామూలు టెలిఫోను మాటలో 300 నుండి 3400 హెర్ట్‌జుల వరకు మాత్రమే పోవుట చేతనే పేర్లు చెప్పునప్పుడు 'స'కు, 'ఫ'కు మనము తడబడుచుంటిమి.

పోలికలో ఒక నియమము తప్పక పాటింపవలెను. ఒకే ఫోను, ఒకే రికార్డు, ఒకే బిగ్గరతనము ఉండవలెను. ఏది కొంచెము బిగ్గరగా మ్రోగునో అదియే మేలైనదని మనస్సు మోసపోవును.

మూడు పరికరములు

నేను విన్నవానిలో మూడింటిని ఉదాహరింతును. మూడును చైనా నిర్మాణములే. మూడింటిలోను 10 మిల్లీమీటర్ల డైనమిక్ యూనిట్ కలదు. మూడింటి తీగలును ఊడదీసి మార్చుకొనదగినవి.

కె.జెడ్. వారి జెడ్.ఎస్.ఎన్. ప్రో ఎక్స్ లో డైనమిక్ యూనిట్‌తో పాటు పై స్వరములకై ఒక బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ కూడ కలదు. క్రిందిది, పైది ఎత్తి మధ్యమును తగ్గించిన కూర్పు ఇది. తాళము, డోలు ఉత్సాహముగా మ్రోగును. సినిమా పాటలు కోరువారికి నచ్చును. గాత్రము మాత్రము ఒక అడుగు వెనుక నిలుచును. పాఠములకు నేను దీనిని ఎన్నుకొనను.

మూన్‌డ్రాప్ వారి చూ-2 (2023) లోహపు దేహము గల చిన్న పరికరము. చిన్న చెవులు గలవారికి సులువుగా ఇముడును. గాత్రము ముందుకు వచ్చి పలుకును. శకార సకారములు, ల ళ లు ఇందులో తేటగా తెలిసినవి. మృదంగము మితముగా ఉండును. గుండె అదురవలెనని కోరువారికి చాలదు.

సెవెన్ హెర్ట్‌జ్ వారి సాల్‌నోట్స్ జీరో-2 (2023) తేలికైనది, దేహము కొంచెము పెద్దది. క్రింది ధ్వని నిండుగా నున్నను గాత్రమును కప్పదు. నాదస్వరము నెమ్మదిగా, దీర్ఘకాలము వినదగినట్లుండును. పాటకు, పాఠమునకు ఒక్కటే చాలునన్నవారికి ఇది తగును.

ఈ తీర్పులు నా చెవులకు, నా తొడుగులకు కుదిరినవి. మీ చెవి వేరు. కావున కొనుటకు ముందు మూడు కొలతల తొడుగులు పెట్టెలో ఉన్నవో లేవో చూడుడు. మిత్రుని వద్ద మీ సొంత తొడుగు వేసి విని చూడుడు. మీ ఫోనునకు గుండ్రని 3.5 మిల్లీమీటర్ల రంధ్రము లేనిచో టైప్-సి మార్పిడి పిన్ను ఖర్చును కూడ లెక్కవేసికొనుడు.

ధ్వనికి హద్దు

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించిన హద్దు వారమునకు 40 గంటలు, 80 డెసిబెల్లులు. ప్రతి 3 డెసిబెల్లుల పెంపునకు కాలము సగమగును. 83 వద్ద 20 గంటలు, 86 వద్ద 10 గంటలు. 90 వద్ద 4 గంటలే. బస్సు హోరును మించుటకు పెంచువాడు ఈ హద్దును తెలియకుండనే దాటును. లోపలి చెవిలోని రోమకణములు చెడినచో తిరిగి మొలవవు. సరియైన తొడుగు బయటి హోరును తగ్గించి తక్కువ ధ్వనితోనే పని జరిపించును గనుక, అమరిక అనునది కేవలము సుఖము కాదు, రక్ష. అయితే రోడ్డు దాటునప్పుడు, వాహనము నడుపునప్పుడు చెవులు మూసికొనుట ప్రాణాపాయము. తొడుగులను తరచుగా తుడువవలెను. ఒకరివి ఒకరు వాడరాదు.

ముగింపు

అదే పాఠమును ఆ విద్యార్థికి గ్రంథాలయములో, సరిపడిన తొడుగు వేసి, మంచి పరికరముతో మరల వినిపించినాను. తప్పులు పూర్తిగా పోలేదు. శకారమును సకారముగా పలుకు అలవాటు మన ఇండ్లలో కలదు. ఆ భాగము అతడును నేనును కలిసి దిద్దుకొనవలసినది. కాని మొదటి కాగితమునకు, రెండవ కాగితమునకు పోలిక లేదు. తక్కినదంతయు యంత్రపు తప్పు. దానికి శిక్ష పడినది మాత్రము బాలునికి.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపము. గ్రంథాలయములో ఐదారు మంచి ఇయర్‌ఫోన్లు, అన్ని కొలతల తొడుగుల పెట్టె ఒకటి ఉంచినచో, తొడుగు మాత్రము తనది తెచ్చుకొని ఏ విద్యార్థియైనను పాఠము వినగలడు. దానికి కావలసిన సొమ్ము ఒక బీరువా వెలకు మించదు. ఆ వసతి ఏర్పడు వరకు విని వ్రాయు పరీక్షలను నేను తరగతి గదిలోనే, నా నోటితోనే జరుపుదును.

ఆ విద్యార్థికి తగ్గించిన మార్కులను తిరిగి వేసినాను. అందరి యెదుట మందలించితిని గనుక, ఆ మాటను కూడ అందరి యెదుటనే చెప్పినాను.